పుట్టినప్పటి రంగు

అబద్ధం చెప్పినప్పుడు పురుగులమ్మకు అది అబద్ధంలా తోచలేదు, మందులా తోచింది.

మామయ్య ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ముక్కుకు గొట్టం, చేతికి సూది. డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి, "గుండె బాగా బలహీనపడింది. ఆయన్ని సంతోషంగా ఉంచండి. దిగులు పెట్టే కబుర్లు చెవిన వేయకండి" అని మరీ మరీ చెప్పింది. ఆమె తలుపు తీసుకుని లోపలికి రాగానే ఆ పెద్దమనిషి కొడుకేడీ అనలేదు, భార్య అన్నం తిన్నదా అని కూడా అడగలేదు. "అమ్మాయీ, మనవాళ్ళు ఎలా ఉన్నారు?" అన్నాడు. మనవాళ్ళంటే ఆయన లెక్కలో చుట్టాలు కారు. మ్యూజియంలో ఇసుక తట్టలో తిరిగే పురుగులు.

"బాగున్నారు మామయ్యా. కొత్తవాళ్ళు కూడా వచ్చారు."

అనేసింది. అన్న మరుక్షణమే నాలిక కరుచుకుంది. కానీ అప్పటికే ఆయన ముఖం మారిపోయింది. ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచి గోడకేసి చూస్తూ పడుకున్న మనిషి తల తిప్పి ఆమెను చూశాడు. "కొత్తవాళ్ళా? మన తట్టలో పుట్టారా?" అని గొంతు పెగుల్చుకుని అడిగాడు. "అవును మామయ్యా" అంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రం నర్సు పోరకుండానే గిన్నెడు గంజి తాగాడు. మందు పనిచేసింది. పనిచేసిన మందును మానమని ఎవరంటారు? అలా ఆమె ఆ మందును రోజూ పోస్తూ వచ్చింది, డోసు పెంచుతూ మరీ.

పురుగులమ్మకు అసలు పేరు ఉంది. అది జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప మ్యూజియంలో ఇంకెవరికీ గుర్తులేదు. కీటకాల గదిలో పనికి చేరిన కొత్తలో గేటు కాపలాదారు సరదాకు తగిలించిన పేరు అది. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైంది, ఆ తర్వాత ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తనను కాదేమో అనుకునేదాకా వచ్చింది. ఆమెకు ముందు ఆ గది మామయ్యది. పదవీ విరమణ చేస్తూ ఇంటి తాళాలు కొడుక్కిచ్చాడు గాని, కీటకాల గది తాళం మాత్రం కోడలి చేతిలో పెట్టాడు. "వాడికిస్తే తట్టలో బూటు కాలు పెడతాడు" అన్నాడు. ఆ కొడుకు బస్సులు బాగుచేసే మెకానిక్కు. నిజంగానే పెడతాడు.

ఆ గదిలో చూపరుల కోసం మెరిసే పురుగులు, కొమ్ముల పురుగులు, ఆకుల్లా కనిపించే పురుగులు చాలా ఉన్నాయి. మామయ్య ప్రాణం మాత్రం మూలన ఉన్న ఇసుక తట్ట మీదే. అందులో ఉండేవి చీకటి పురుగుల కుటుంబానికి చెందినవి. పిండి డబ్బా చాలా రోజులు తెరవకపోతే లోపల సన్నటి ఎర్ర పురుగులు తిరుగుతాయే, వాటికి దూరపు చుట్టాలు. బొటనవేలి గోరంత ఉంటాయి, బొగ్గు ముక్కలా నల్లగా, మెరుపన్నది లేకుండా. నడిచేటప్పుడు వెనక భాగం పైకెత్తి, ఏదో బరువు మోస్తున్నట్టు ఆచితూచి నడుస్తాయి. వీపు మీది పెంకులు రెండూ అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి జన్మలో ఎగరలేవు. ముట్టుకుంటే కుళ్ళిన ఉల్లిపాయ కంపు కొడతాయి. బొగ్గుపురుగులని మామయ్యే పేరు పెట్టాడు. వీటి గురించి ఉన్న ఒకే ఒక్క పుస్తకంలో పొడవెంతో, రంగేమిటో, ఏ రాళ్ళ కింద దొరికాయో రాసి చేతులు దులుపుకున్నారు. ఏం తింటాయి, ఎలా పెరుగుతాయి, ఎన్నాళ్ళు బతుకుతాయి అన్నది ఎవరూ రాయలేదు, ఎవరికీ పట్టలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు అవి మామయ్యకు ముద్దు. ఆయన తర్వాత ఈమెకు.

పురుగులమ్మ చేతికి వచ్చిన నాటి నుంచి ఆ తట్టలో జరుగుతున్నది ఒక్కటే. పెద్దవి గుడ్లు పెడుతున్నాయి. గుడ్లలోంచి సన్నటి పసుపు లార్వాలు వస్తున్నాయి, ఊక తిని లావవుతున్నాయి. అక్కడితో కథ ఆగిపోతోంది. ఒక్కటంటే ఒక్కటి కూడా పెద్ద పురుగు కావడం లేదు. పెద్ద పురుగులయ్యే ముందు అవి ఇసుక లోతుకు దిగి అక్కడ ప్యూపాలవుతాయని మామయ్య చెప్పాడు. ఆమె ఇసుకంతా వేళ్ళతో జల్లించి చూసింది. ఏమీ లేదు. ఈలోపు ముసలి పురుగులు ఒక్కొక్కటే కాళ్ళు పైకెత్తేస్తున్నాయి. మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. "చివరిది పోయాక పిన్ను గుచ్చి సొరుగులో పెట్టేద్దాం, ఆ చోటు సీతాకోకచిలుకలకు ఇద్దాం" అని మ్యూజియం పెద్ద, మేడమ్, ముందే చెప్పేసింది. మేడమ్ చెడ్డది కాదు. ఆమెకు ఉన్న గదులు తక్కువ.

తప్పెక్కడో పురుగులమ్మకు అంతుబట్టలేదు. మామయ్య చెప్పిన పద్ధతి పొల్లు పోకుండా పాటిస్తూనే ఉంది. తేమ ఎంతుండాలో అంతే. ఊక జల్లించే వేస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన నియమం, ముడుచుకున్నదాన్ని ఉంచకూడదు. లార్వాల్లో అప్పుడప్పుడు ఒకటి మేత మానేసి, కొక్కెంలా వంగి, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటుంది. వదిలేస్తే మర్నాటికి నల్లబడి కుళ్ళుతుంది. ఒకప్పుడు వేరే పురుగుల తట్ట ఒకటి అలాగే మొత్తం కుళ్ళిపోయిందట. "జాలిపడ్డావో, తట్టంతా పోతుంది" అని మామయ్య వేలు చూపించి మరీ చెప్పాడు. అందుకే ఆమె పొద్దున్నే రాగానే మెత్తటి పటకారుతో ముడుచుకున్నవాటిని ఏరి, చిన్న డబ్బాలో వేసి, ఫ్రీజర్లో పెడుతుంది. నొప్పి తెలియకుండా పోతాయి. ఆసుపత్రి వాళ్ళు మాత్రలు పోసిచ్చే గుండ్రటి తెల్ల డబ్బాలు ఇంట్లో కుప్పలుగా పడి ఉంటే, ఖాళీ అయినవాటిని ఆ పనికే తెచ్చుకుంది.

మామయ్యను ఇంటికి పంపిన రోజున కూడా ఆమె ఆ పనిలోనే ఉంది. ముడుచుకున్నదాన్ని డబ్బాలో వేసి మూత పెట్టిందో లేదో ఫోను మోగింది. "నాన్నని పంపేస్తున్నారు, బిల్లు దగ్గర నువ్వుండాలి, పరుగెత్తుకు రా" అని భర్త. చేతిలో ఉన్నవి ఉన్నట్టే సంచిలో పడేసి, భుజాన వేసుకుని పరుగెత్తింది.

సాయంత్రం ఇంట్లో అత్తయ్య మందుల సర్దుడు మొదలుపెట్టింది. అత్తయ్య ఏ పనైనా యుద్ధంలా చేస్తుంది. కోడలి సంచి, కొడుకు సంచి, ఆసుపత్రి సంచి మూడూ మంచం మీద బోర్లించింది. రోజూ వేసేవి వంటింటి అలమరలో పెట్టింది. మిగిలిన తెల్ల డబ్బాలు రెండు చిన్న సంచిలో వేసి జిప్పు లాగింది. "ఇది బయటికెళ్ళినప్పుడు పట్టుకెళ్ళే సంచి. నాలిక కింద పెట్టుకునే మాత్రలు ఇందులో ఉన్నాయి. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దీన్నెవరూ ముట్టుకోకండి. ముట్టుకుంటే చేతులిరగ్గొడతా" అంది. ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఇంట్లో అత్తయ్య మాట జవదాటే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ రోజు నుంచి పురుగులమ్మకు ఇంటికి రావడమంటే నిప్పుల మీద నడకే అయింది. గుమ్మంలో చెప్పులు విప్పకముందే ప్రశ్న. "తింటున్నారా? తిరుగుతున్నారా?" ఆమె వంటింట్లోకి నడుస్తూనే జవాబు చెప్పేది, ముఖం కనబడకుండా. ఒక అబద్ధానికి కాపలా కాయడానికి ఇంకో నాలుగు కావాలి. ఆ నాలుగూ ఒకదానితో ఒకటి తగాదా పడకుండా చూసుకోవాలి. నిన్న ఎన్ని వచ్చాయని చెప్పిందో ఇవాళ గుర్తుండేది కాదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. "ఇంట్లో మనుషులకి లేని వైభోగం ఆ పురుగులకి. వాటి ధ్యాసలోనే ఇది వంట చేస్తోంది" అని అత్తయ్య సణిగింది. అత్తయ్య నోట ఎంత మాటొచ్చినా అందులో సగమైనా నిజముంటుంది.

ఒకరోజు ఆయన మంచం మీద లేచి కూర్చుని, పక్కన కూర్చోమన్నట్టు దుప్పటి తట్టాడు.

"అమ్మాయీ, ఒక్క మాట అడుగుతాను. కొత్తవి బయటికి రాగానే ఏ రంగులో ఉన్నాయి?"

ఆమెకు పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. "ఇంకే రంగు మామయ్యా? నలుపే" అంది.

"నలుపే. పుట్టుకతోనే నలుపు" అని ఆయన తనలో తాను అనుకుని తలాడించాడు. అన్నేళ్ళు వాటితో గడిపిన మనిషి అదేం ప్రశ్న అడిగాడో ఆమెకు అర్థం కాలేదు. పరీక్ష పెడుతున్నాడేమోనని భయపడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే స్థితిలో ఉంది మరి.

తర్వాత వారం డాక్టరు ఆయన్ని కాస్త బయట తిరగొచ్చంది. "నేను మ్యూజియంకి వెళ్తాను" అన్నాడు, బట్టలు మడతపెడుతూ కూర్చున్న అత్తయ్యతో. "జనం లేని రోజు, సెలవు రోజు వెళ్తాను. మనవాళ్ళని చూసి వచ్చేస్తాను."

పురుగులమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చింది. "ఇప్పుడే ఎందుకు మామయ్యా, ఇంకాస్త కోలుకున్నాక..." అంది.

"ఆ తర్వాతకి ఉంటానో ఉండనో. దీనికోసమే కదా లేచి కూర్చున్నాను."

ఇక ఆమెకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నిజం చెబితే ఆ గుండె తట్టుకుంటుందా? చెప్పకపోతే తట్ట ముందు కూర్చుని తానే చూస్తాడు. భర్తతో చెప్పుకుందామంటే ఆయన సలహా ఎప్పుడూ ఒకటే, "పాత పార్టు పోతే కొత్త పార్టు వేసెయ్." చివరికి భయంలో ఆ సలహానే తలకెక్కింది. మ్యూజియం నుంచి వస్తూ దారిలో పక్షుల మేత అమ్మే దుకాణంలోకి దూరింది. పక్షులకూ కోళ్ళకూ వేసే లార్వాల బుట్టల్లో కొన్ని అప్పటికే పెద్దవై నల్లగా తిరుగుతున్నాయి. "ఇవి తినవమ్మా పక్షులు, గట్టిగా ఉంటాయి" అన్నాడు దుకాణదారు. "నాకు ఇవే కావాలి" అంది. పిచ్చిదేమో అన్నట్టు చూసి ఊరికే ఇచ్చేశాడు.

మామయ్య కళ్ళకు పొర వచ్చింది, గదిలో దీపం మసకగానే ఉంటుంది, ఇవీ నల్లగానే ఉన్నాయి. తనకు తాను ఇలా నచ్చజెప్పుకుంటూ ఆమె మర్నాడు వాటిని కీటకాల గదిలో ముందున్న ఖాళీ అద్దాల పెట్టెలో ఇసుక పోసి వదిలింది.  కోడలిగా వచ్చాక ఆ మనిషిని ఇంత చులకన చేసింది ఇదే మొదటిసారి.

సెలవు రోజు భర్త కారు అడిగి తెచ్చాడు. అత్తయ్య చిన్న సంచి మామయ్య ఒళ్ళో పెట్టి, "నొప్పి వస్తే ముందు మాత్ర, తర్వాతే మాటలు" అని పంపింది. టిక్కెట్ల గది దగ్గరున్న చక్రాల కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, గేటు కాపలాదారు సాయంతో వాలు మీదుగా ఎక్కించారు. భర్త కారు దగ్గర ఆగిపోయాడు. కీటకాల గది తలుపు తీయగానే ఆ వెచ్చటి ఊక వాసనకు మామయ్య కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఇప్పుడైనా చెప్పెయ్, ఇప్పుడైనా చెప్పెయ్ అని లోపల ఒకటే పోరు. అయినా కుర్చీని అద్దాల పెట్టె ముందుకే తోసింది.

ఆయన జేబులోంచి భూతద్దం తీసి అద్దాల పెట్టె మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. ఆమె ఆయన మెడ మీది నరాన్నే చూస్తూ నిలబడింది. అప్పుడు లోపలి పురుగుల్లో ఒకటి వెచ్చటి దీపం కిందికి వచ్చి, వీపు మీది పెంకులు రెండూ చక్కగా విప్పి, లోపలి రెక్కలు బయటికి లాగి, మళ్ళీ సర్దుకుంది.

"ఎగిరేటట్టున్నారే మనవాళ్ళు" అన్నాడు మామయ్య మెల్లగా.

పురుగులమ్మ నేల మీద కూలబడిపోయింది. "తప్పయిపోయింది మామయ్యా. ఇవి మేత పురుగులు. దుకాణంలోవి. కొత్తవి ఏవీ రాలేదు. ఒక్కటి కూడా రాలేదు. ఆ రోజు మీరలా పడుకుని ఉంటే..."

ఆయన తిట్టలేదు. తిడితే ఎంతో బాగుండేది. భూతద్దం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఒక్కటి కూడా రాలేదా" అన్నాడు. కాసేపటికి, "నువ్వు సాధించావనుకున్నానమ్మా. నాకు చేతకానిది నీకయిందనుకున్నాను" అన్నాడు.

"మీకు చేతకాకపోవడమేంటి మామయ్యా? ఇన్నేళ్ళు మీరు పెంచినవే కదా!"

"నేనొక్కటి కూడా పెంచలేదు."

ఆ మాట చెప్పడానికి ఆయనకు చాలా సమయం పట్టింది. ఏటా సెలవు పెట్టి, అక్కగారిని చూసొస్తానని ఇంట్లో చెప్పి, రాళ్ళ గుట్టకు వెళ్ళేవాడట. రాళ్ళు తిరగేసి పెద్ద పురుగుల్ని ఏరుకొచ్చి తట్టలో కలిపేవాడట. అప్పటి పెద్ద అధికారి వచ్చి చూసి, "భలే పెంచావయ్యా, వీటిని పెంచినవాడు ఇంకెక్కడా లేడు" అని భుజం తట్టాడు. ఆ ఒక్కసారి కాదనలేకపోయాడు. ఒకసారి ఒప్పుకున్నాక మరుసటి ఏడు కూడా తేవాల్సి వచ్చింది, ఆ మరుసటి ఏడు కూడా. ఇప్పుడు ఆ గుట్టను కంకర కోసం పేల్చేశారు. ఎగరలేని పురుగులు, ఎక్కడికని పోతాయి? "ఆ గుట్ట పోయిందని తెలిసిన ఏడే నీకు తాళం ఇచ్చాను. నీ చేతిలో పోతాయని తెలిసే ఇచ్చాను. అంతకంటే పాపం ఉందా? అట్లాంటిది కొత్తవి వచ్చాయని నువ్వు చెప్పేసరికి నాకు... పుట్టగానే ఏ రంగులో ఉంటాయో నేనెప్పుడూ చూడలేదమ్మా. అది చూసి పోదామని..."

ఆయన చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు పాలిపోయాయి.

పురుగులమ్మ ఒక్క ఉదుటన లేచింది. చిన్న సంచి జిప్పు లాగి ముందు చేతికందిన డబ్బా మూత తీసింది. మాత్రలు లేవు. కాస్త ఊక, ఎండిన పొరలు, వాటి మధ్య తెల్లటిదేదో కదిలింది. "అయ్యో, మాత్రలకి పురుగు పట్టింది!" అని కేక పెట్టి డబ్బాను బల్ల మీద పడేసింది. రెండో డబ్బా మూత రాలేదు. పళ్ళతో లాగింది. మాత్ర తీసి ఆయన నాలిక కింద పెట్టి, రెండు చేతులూ పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుంది. "మాట్లాడకండి మామయ్యా. మాట్లాడకండి." నిజానికి మాట్లాడుతున్నది తనొక్కతే. గదిలో ఫ్రీజరు గుర్రుమంటోంది. ఆయన శ్వాస ఒక్కొక్కటీ వస్తుందో రాదో అన్నట్టు విన్నది. ఆ కాసేపట్లో ఆమె బొగ్గుపురుగుల్ని, మ్యూజియాన్ని, మేడమ్‌ని అన్నిటినీ మరిచిపోయింది. ఆ మనిషి బతికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంది.

మెల్లగా పెదవులకు రంగు వచ్చింది. ఆయన కళ్ళు తెరిచి ఆమె భుజం మీదుగా బల్లకేసి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"కదలకు" అన్నాడు.

"నొప్పి మళ్ళీ వచ్చిందా?"

"నొప్పి కాదు. వెనక్కి చూడు, మెల్లగా."

డబ్బా అంచు దాటి ఆ తెల్లటిది బల్ల మీదికి వచ్చింది. ఒళ్ళంతా మీగడ రంగు, కళ్ళు మాత్రం నల్లటి చుక్కలు. బొటనవేలి గోరంత ఉంది. కొత్తగా నడక నేర్చినదానిలా తూలుతూ రెండడుగులు వేసి, ఆగి, వెనక భాగం పైకెత్తి, ఏదో బరువు మోస్తున్నట్టు ఆచితూచి నడిచింది.

ఆ నడక వాళ్ళిద్దరికీ తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలియదేమో గాని వాళ్ళిద్దరికీ తెలుసు.

"ఇదెక్కడిది?" అన్నాడు మామయ్య.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఫోను మోగిన పొద్దున, ముడుచుకున్న లార్వా, మూత పెట్టిన తెల్ల డబ్బా, భుజాన వేసుకున్న సంచి. అత్తయ్య మంచం మీద బోర్లించిన సంచులు. "మామయ్యా, అది రోగిష్టిది. ముడుచుకున్నది. ఫ్రీజర్లో పెట్టబోతుంటే మిమ్మల్ని ఇంటికి పంపుతున్నారని ఫోనొచ్చింది. మర్చిపోయాను. అత్తయ్య మాత్రలనుకుని సర్దేసింది." చెబుతుంటేనే ఆమెకు తాను ఏం చెబుతోందో అర్థమైంది. ఆయనకు అంతకంటే ముందే అర్థమైంది.

"రోగం కాదు" అన్నాడు. "మారబోయే ముందు ముడుచుకుంటున్నాయి. అప్పుడు కదలవు. కదలనిదాన్ని తట్టలో మిగతావి కొరికేస్తున్నాయి. కొరికినచోట కుళ్ళుతోంది. మనం కుళ్ళు చూసి రోగమనుకున్నాం. ఇది ఒంటరిగా ఉంది కాబట్టి బతికింది." తర్వాత, "ఎన్ని పారేయించానో" అన్నాడు.

మూలన ఫ్రీజరు మళ్ళీ గుర్రుమంది. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు. పురుగులమ్మకు తన కుడిచెయ్యి తనది కానట్టు అనిపించింది. రోజూ పొద్దున్నే ఎంత శ్రద్ధగా, ఎంత జాలిగా ఏరింది! బద్ధకస్తురాలై ఉంటే కనీసం ఒకటో రెండో బతికేవి. ఆమె ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆయనా ఏడుస్తున్నాడని ఆ చేతి వణుకులో తెలిసింది.

భర్త వచ్చి తొంగిచూసి, ఇద్దరూ ఏడుస్తూ తెల్ల పురుగును చూస్తుంటే, మారు మాట్లాడకుండా కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో పెరిగినవాడికి ఇలాంటివి కొత్త కాదు. మామయ్యను ఇంటికి వెళదామని ఆమె ఎంత బతిమాలినా వినలేదు. కుర్చీ బల్ల దగ్గరికి జరిపించుకుని, భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. పొద్దు వాలేసరికి మీగడ రంగు పోయి, పాలెక్కువ పోసిన టీ రంగు వచ్చింది. కాళ్ళు ఇంకాస్త ముదురు. రేపటికో ఎల్లుండికో నల్లబడుతుంది కాబోలు. ఆ సంగతి కూడా ఎవరూ రాసి పెట్టలేదు, చూసి తెలుసుకోవాల్సిందే.

"నేను మీకు అబద్ధం చెప్పాను మామయ్యా" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

"అబద్ధం కాదులే. కాస్త ముందుగా చెప్పావు, అంతే" అన్నాడు. తర్వాత భూతద్దం దించి, "నాది మాత్రం అబద్ధమే. రేపు మేడమ్‌తో నేనే మాట్లాడతాను. నన్ను ఇలాగే తీసుకురా" అన్నాడు.

వెళ్ళే ముందు ఆమె అలవాటు కొద్దీ తట్ట మూత తీసి చూసింది. మూలన ఊక మీద ఒకటి మేత మానేసి, కొక్కెంలా ముడుచుకుని పడి ఉంది. పక్కన ఇంకోటి అప్పుడే దాని మీదికి పాకుతోంది. పటకారుతో గభాల్న ముడుచుకున్నదాన్ని పైకి తీసింది. తీశాక చుట్టూ చూసింది. తెల్ల డబ్బాలో కొత్తది ఉంది. మిగిలిన డబ్బాలన్నీ ఫ్రీజర్లోనే ఉన్నాయి.

"డబ్బా లేదు మామయ్యా."

ఆయన జేబులోంచి రుమాలు తీసి ఒళ్ళో పరిచాడు. రెండో డబ్బాలోని మాత్రలన్నీ అందులో కుమ్మరించి మూట కట్టుకున్నాడు. ఖాళీ డబ్బాను తుడిచి, చిటికెడు ఊక వేసి, మూత తీసి పట్టుకున్నాడు. "పడుకోబెట్టు, మెల్లగా" అన్నాడు. ఆమె పడుకోబెట్టింది.

గేటు దాటుతుండగా ఆయన, "డబ్బాల సంగతి మీ అత్తయ్యతో అనకు. మాత్రలు తీసి పురుగును పెట్టామంటే ఇద్దర్నీ ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు.

"మళ్ళీ అబద్ధమా మామయ్యా?"

ఆయన లార్వా ఉన్న డబ్బా చొక్కా జేబులో ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

"వద్దులే" అన్నాడు. "తిడితే తిట్టనీ. చెప్పేద్దాం."